ఆదిశేషయ్య గారి దంపుడు బియ్యం

1918వ సంవత్సరం జూలై పన్నెండవ తేదీ శుక్రవారం ఉదయం, రాత్రి కురిసిన వానకు బెజవాడ వీధులన్నీ బురదమయమై ఉన్న వేళ, అంచున ఒక్క మరకైనా లేని తెల్లని పంచెతో, గడియారం తొమ్మిది కొట్టకముందే శ్రీయుత ఆదిశేషయ్య గారు మన చేనేత సహకార విక్రయ సంఘంలో గుమాస్తాగా చేరారు. ఈ నెల ముప్పై ఒకటవ తేదీ శనివారం సాయంకాలం సూపరింటెండెంటు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. ఈ ముప్పై ఏళ్లలో వారు ఒక్కనాడైనా జబ్బుసెలవు పెట్టకపోవడం మన సంఘ చరిత్రలో సువర్ణాక్షరాలతో లిఖించదగిన విషయమని కార్యదర్శి వెంకటప్పయ్య గారు సెలవిచ్చి, వీడ్కోలు సంచిక కోసం ఆ అక్షరాలు లిఖించే భారం నాకు అప్పగించారు. ఇరవై ఏళ్లుగా వారి కింద పనిచేస్తున్నవాడిని, పైగా స్వయానా బావమరిదిని కనుక లోపలి సంగతులన్నీ నాకు తెలిసి ఉంటాయని వెంకటప్పయ్య గారి నమ్మకం. తెలుసు.

ముందుగా న్యాయంగా చెప్పవలసినవి చెబుతాను. గుమాస్తాగా ఉన్న నాళ్లలోనూ, తరువాత నేత పర్యవేక్షకులుగా కంకిపాడు మొదలుకొని బందరు వరకు మగ్గాలున్న ప్రతి ఊరూ తిరిగిన కాలంలోనూ, బావగారి చేతికి లంచం అంటలేదు. పడుగు పలచనైన చీరను వెలుతురుకు ఎత్తి చూసి పక్కన పెట్టడంలో వారికి మొహమాటం లేదు. మంచి నేతకు మంచి ధర ఇప్పించడంలో బద్ధకమూ లేదు. పై అధికారి గద్దించినా, షావుకారు బతిమాలినా, వారి తీర్పు మారేది కాదు. ఇంతటి నిక్కచ్చి మనిషి కింద పనిచేయడం ఒక విద్యాభ్యాసం. ఆ విద్య నాకు కొంత అబ్బిందో లేదో ఈ వ్యాసం చివర మీరే తేల్చండి.

ఇక వారి దినచర్య లోకవిదితం. కోడి కూయకముందే నిద్రలేచి, బందరు కాలువ గట్టు వెంట రెండు మైళ్లు నడిచి, చన్నీటి స్నానమాచరించి, ఎనిమిది గంటలకు వేడివేడి భోజనం. మిల్లు బియ్యం వారి దృష్టిలో శవంతో సమానం. ఏ రోజుకారోజు రోకటితో దంచిన బియ్యమే అన్నం. మిరపకాయ నిషిద్ధం, చింతపండు నిషిద్ధం, కాఫీ మహాపాతకం. ఆకుకూర, పప్పు, చిక్కటి మజ్జిగ, రాత్రికి పాలు. ఫలితం మన కళ్లెదుటే ఉంది. యాభై అయిదేళ్ల వయసులో నలభై దాటని వాలకం, కళ్లజోడు లేకుండా నూలు నెంబరు చదవగల చూపు. నేను హోటలు కాఫీ తెప్పించుకున్నప్పుడల్లా బల్ల దగ్గరికి వచ్చి నిలబడేవారు.

"ఏమోయ్ ఏడుకొండలూ, ఆ నల్లనీళ్లు తాగి తాగి నాకంటే ముందే పోతావు. నీ సంతాపసభలో నేనే మాట్లాడాల్సొస్తుంది."

"అంతకంటేనా బావగారూ, రెండు మంచి ముక్కలు చెప్పండి," అనేవాణ్ణి.

ఆహార నియమాలు ఆయుష్షును పెంచుతాయా అని ఆఫీసులో ఎన్నోసార్లు వాదోపవాదాలు జరిగాయి. పెంచుతాయనే వారి పక్షం. నేనూ ఆ పక్షమే, కాదనను. మంచి తిండి, వేళకు నిద్ర, కాలికి నడక, మనసుకు నిశ్చింత ఉన్న మనిషి నాలుగు రోజులు ఎక్కువ బతకడంలో ఆశ్చర్యమేముంది? అవన్నీ ఒకరికి అమర్చిపెట్టిన మనిషి ఎన్నాళ్లు బతుకుతుందన్నదే నేను వేయదలచిన ప్రశ్న. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. మన ఆఫీసువారు ఇంటాయనను చూసి అక్కడితో ఆగిపోయారు.

ఆ ఇల్లాలు మా అక్కయ్య రావమ్మ. ఆయన కోడి కూయకముందు లేస్తారని చెప్పాను కదా. ఆమె అంతకు ముందే లేవాలి. ఆయన గట్టు మీద స్వచ్ఛమైన గాలి పీలుస్తున్నంతసేపూ ఆమె పెరటి వసారాలో వడ్లు దంచుతూ దుమ్ము పీల్చేది. దంచి, చెరిగి, నూకలు వేరుచేసి, గింజ విరగని బియ్యం ఆయనకు వండి, నూకలు తనకు జావ కాచుకునేది. ఎనిమిదింటికి వడ్డించి, ఆయన ప్రతి ముద్దా నీరయ్యేదాకా నమిలి లేచాక, గిన్నెలు తోమి, బట్టలుతికి, ఏ రెండింటికో చల్లారిన జావ ముందు కూర్చునేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు. వడ్డించే చెయ్యి తనదే అయివుండి కూడా మా అక్కయ్యకు మాత్రం కడబంతిలో అడుగంటిన గిన్నే మిగిలింది. పాలు పావుసేరే వచ్చేవి; అవి రాత్రి ఎవరు తాగేవారో పైన రాశాను. కూతుళ్లిద్దరూ అత్తవారిళ్లకు వెళ్లాక చేతిసాయమూ లేకపోయింది.

యుద్ధకాలంలో ఊరంతా రేషను బియ్యానికి నిలబడినప్పుడు కూడా ఆ ఇంట రోకటి చప్పుడు ఆగలేదు. వడ్లు ఎలా వచ్చేవో నేనడగలేదు. ఆ రోజుల్లోనే నూలు దొరక్క మగ్గాలు మూలపడితే, బావగారు నేతపల్లెలకు వెళ్లి ఆరోగ్యం మీద ఉపన్యాసాలిచ్చేవారు. పక్కన సంచి పట్టుకుని నేనుండేవాణ్ణి. ఒక ఊళ్లో చౌడేశ్వరమ్మ అనే నేతకత్తె పూర్తిగా విని, ఎంతో మర్యాదగా జవాబిచ్చింది.

"అట్టాగేనండీ. పాలు తాగుతాం, ఆకుకూరలు తింటాం, పొద్దున్నే నడుత్తాం. ముందు కాస్త నూలు ఇప్పించండి. గంజికే గతిలేదండీ బాబూ."

ఈ జనానికి క్రమశిక్షణ లేదని తిరుగు బండిలో బావగారు విచారించారు.

ఇటువంటి వ్యాసంలో ఒక సరదా సంఘటన ఉండాలని వెంకటప్పయ్య గారు ప్రత్యేకంగా కోరారు. అది మీకందరికీ తెలిసిందే. బావగారే పదిసార్లు చెప్పి నవ్వించారు. కిందటి మాఘమాసంలో అక్కయ్య రోకలి చేతిలో ఉండగానే కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి తీసుకువెళ్లాం. డాక్టరు అమలమ్మ గారు ఆమె కనురెప్పలు తిప్పి చూసి, నాడి పట్టి, బావగారి వైపు తిరిగారు.

"మీ అమ్మగారికి ఒంట్లో రక్తం బొత్తిగా లేదండీ. ఈ వయసులో ఆవిడ చేత ఏం పనులు చేయిస్తున్నారు?"

బావగారు ఫక్కున నవ్వారు. ఆమె తనకంటే తొమ్మిదేళ్లు చిన్నదని చెప్పారు. మర్నాడు ఆఫీసులో ఆ కథ చెప్పి, "చూశారా దంపుడు బియ్యం మహిమ," అన్నారు. అందరూ నవ్వారు. ఆసుపత్రి బల్ల మీద పడుకున్న అక్కయ్య కూడా నవ్విందని వారు చెబుతారు. నేను అక్కడే ఉన్నాను. ఆమె నవ్వలేదు. చెంగు ముఖం మీదికి లాక్కుంది.

బావగారు చెప్పే కథలో లేని భాగం ఒకటుంది. డాక్టరు గారు నవ్వలేదు. ఈమె గుండె అలిసిపోయిందనీ, దంచడం, బరువులెత్తడం తక్షణం మానాలనీ, పాలూ పప్పూ ముందు ఈమెకు పెట్టాలనీ, ఇలాగే సాగితే ఏడాది గడవడం కష్టమనీ కచ్చితంగా చెప్పారు. ఇంటికి వచ్చాక ఆ మాట నేను గుర్తుచేశాను.

"పని మానితే మనిషి మూలపడతాడోయ్. డాక్టర్లకేం తెలుసు? మీ అక్కయ్యకి పనే ఆరోగ్యం," అన్నారు బావగారు. వారం తిరగకుండానే వసారాలో మళ్లీ రోకటి చప్పుడు వినబడింది. ఒకరి పాలు ఒకరికి పోసి, తాగినవారి బలాన్ని మెచ్చుకునే లోకమిది. నాకు ఒళ్లు మండింది, ఇప్పుడూ మండుతోంది.

విరమణానంతరం బావగారు విశ్రమించబోవడం లేదని తెలిసి మీరంతా సంతోషిస్తారు. కంకిపాడులో తమకున్న స్థలంలో ఆరోగ్యాశ్రమం స్థాపించి, నెలకు పదిమంది యువకులను చేర్చుకుని, దంపుడు బియ్యపు భోజనంతో వారికి దీర్ఘాయుష్షు రహస్యం బోధించాలన్నది వారి సంకల్పం. కిందటి ఆదివారం ఆ సంగతి నా ఎదుటే అక్కయ్యకు చెప్పారు.

"పదిమందికీ దంచాలి మరి. నీకు అలవాటే కదా."

ఆమె తలూపింది. ఆయన వాకిట్లోకి వెళ్లాక చేట పక్కన పెట్టి నన్ను చూసింది.

"ఆయనకి రిటైరు ఇచ్చారుగదా తమ్ముడూ. నాకెవరిస్తారు?"

మా ఇంటికి వచ్చెయ్యక్కా అన్నాను. ఆయనకు పొద్దున్నే వండిపెట్టేదెవరని అడిగింది. మళ్లీ చేట ఒళ్లోకి లాక్కుని తనే, "ఎప్పుడొస్తావు?" అంది.

అందువల్ల సభాముఖంగా, బంధుమిత్రుల సాక్షిగా విన్నవించుకుంటున్నాను. సంపాదకవర్గం వారు ఈ భాగాన్ని కత్తిరించదలిస్తే నిరభ్యంతరంగా కత్తిరించవచ్చు. శనివారం వీడ్కోలు సభలో నేనే లేచి చదువుతాను. ఆదివారం ఉదయం జట్కా తీసుకుని అక్కయ్య కోసం వస్తాను. మా ఆవిడ శివపార్వతి ముందుగది ఖాళీచేసి మంచం వేసింది. మేము తినేది మిల్లు బియ్యమే, కారమూ దండిగానే వేస్తాం, ఒప్పుకుంటాను. కానీ మా ఇంట్లో అక్కయ్య మొదటి పంక్తిలో కూర్చుంటుంది, అన్నం పొగలు కక్కుతుండగా తింటుంది, రాత్రి పాలు ఆమెవే. డాక్టరు అమలమ్మ గారు చెప్పిన ఏడాది దాటించగలనో లేదో నాకు తెలియదు. ప్రయత్నించకపోతే మాత్రం నేను మనిషినే కాను. ఎన్నాళ్లుంటుందో, తిరిగి వస్తుందో రాదో, అది ఆమె ఇష్టం.

బావగారూ, తమరి నిజాయితీకి, తమరి కార్యదీక్షకు ఈ సంఘం సదా కృతజ్ఞతాబద్ధమై ఉంటుంది. తమరు నిండు నూరేళ్లూ కంటిచూపు చెదరకుండా, నడుము వంగకుండా, సంపూర్ణ ఆరోగ్యంతో వర్ధిల్లాలని మేమందరం మనసారా కోరుకుంటున్నాం. ఆదివారం నుంచి వడ్లు మాత్రం తమరే దంచుకోండి.