పద్నాలుగు పోగులు

2020 జూన్. సూరత్, లింబాయత్‌లో రెండు గదుల ఇల్లు. కూతురి ముందు లాప్‌టాప్, తండ్రి చేతిలో చాయ్ కప్పు, వంటగదిలో తల్లి. పొద్దున పదకొండు దాటింది.

"మళ్ల చెప్పు బిడ్డా. కొరియరాయన చీర ఇయ్యుమన్నడా?"

"అవు బాపు. కతర్‌గామ్‌ల ఒకామె ఇంటికి పోయి, తలుపు కొట్టి, చీర ఇయ్యుండ్రి అన్నడట."

"ఆమె చీర కొన్న మనిషే గదనే?"

"కొన్న మనిషే! చీర ఆమెకు ముట్టాలె. ముట్టజెప్పేటోడే పోయి ఆమెనే అడిగె."

"మరి ఆమె ఏమన్నది?"

"నేనేమన్న ఆడున్ననా? నవ్వకు బాపు."

"నేనేడ నవ్వుతున్ననే?"

"చాయ్ కప్పు ఊగుతుంది."

"చాయ్ జర వేడిగున్నది... ఒక్కామె ఇంటికేనా గట్ల పోయింది?"

"ఒక్కామె అయితె గింత పరేషాన్ ఎందుకైత? నలభై మంది. పొద్దుగాల తొమ్మిదింటికి నలభై ఆర్డర్లు పంపిన, నలభై ఉల్టా అయినయి. ఒక కొరియరాయన ఊరవతల ఇచ్ఛాపూర్ దాక పోయిండట, ఉత్త చేతులతోని."

"చీరలమ్మే శేఠ్‌కు ఎరుకయిందా?"

"రింగ్ రోడ్ మీద దుకాణంల నలభై చీరలు మడతబెట్టి, పాకెట్లు జేసి కూసున్నడు శేఠ్. తీస్కపోయేటోడు ఒక్కడు రాలే. ఎరుకగాకుంట ఉంటదా?"

"నీకు ఫోన్ చేసిండా?"

"నాకు గాదు. మా ఆఫీసు రవీంద్ర సార్‌కు చేసిండు. సార్ నాకు చేసిండు. పన్నెండు దాక టైమిచ్చిండు. అప్పటికి తప్పు దొరకకుంటె గీ పని నాతోని పనిచేసే శివకృష్ణకు ఇస్తడట."

"ఇస్తె ఇయ్యనీ. నువ్వు ఇంకోటి చేసుకో."

"ఇంకోటి ఏడిది బాపు? మూడు నెలలు చూస్తమని తీసుకున్నరు నన్ను. ఈ నెలతోని అయిపోతయి. నేనొక్కదాన్నే చేసిన పని ఇదొక్కటే. ఇది గూడ చేతగాలేదంటె ఇగ ఇంట్ల కూసునుడే."

"నా లెక్క."

"అయ్యో, నేనట్ల అనలే."

"అన్నా తప్పేం లేదు. మార్చిల లాక్‌డౌన్ సంది మగ్గాలు బందే గదా. ఏదీ, నీ పని ఏందో నాకు జర చూపియ్యి."

"నీకు సమజ్ కాదు బాపు."

"కాకుంటె కాకపాయె. చాయ్ అయిపోయింది. నాకు వేరే పనేమున్నది?"

"ఇగో, చూడు మరి. ఎడమ దిక్కు శేఠ్ లిస్టు. కొన్నామె పేరు, ఇంటి పత్తా, ఫోను, ఏ చీర, ఎంత బరువు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క వరస."

"ఆఁ."

"కుడి దిక్కు కొరియరోళ్లది. వాళ్ల కంప్యూటర్ ఒక ఫారం అడుగుతది, దాంట్ల డబ్బాలుంటయి. లిస్టుల ఉన్న ఏ ముక్క ఏ డబ్బాలకు పోవాలెనో నేను గీత గీసి కలపాలె. బస్, గంతే. ఒక్కసారి కలిపినమంటె, లిస్టుల ఎన్ని వరసలుంటె అన్ని ఫారాలు అదే నింపుకుంటది, అదే వాళ్లకు పంపుకుంటది. మనిషి చెయ్యి పెట్టే పనుండదు."

"మరి ఇవి పోగులు గదనే!"

"ఏంది?"

"ఈ గీతలు. ఎడమ దిక్కు నూలు చుట్టిన బీము, కుడి దిక్కు దువ్వెన లెక్క కన్నులున్న అచ్చు. ఏ పోగు ఏ కన్నులకెల్లి పోవాలెనో చూసి ఎక్కిచ్చుడు. ఒక్కసారి ఎక్కిస్తె ఇగ మగ్గం అదే నేసుకుంట పోతది. ఇరవై ఎనిమిదేండ్లు నేను చేసింది గిదే పని."

"...అవు బాపు. గట్లనే ఉన్నది."

"నేను బీముకు నాలుగు వేల పోగులు ఎక్కిస్త. నీవెన్ని?"

"పద్నాలుగు."

"పద్నాలుగు వేలా?"

"వేలు గాదు. ఉత్త పద్నాలుగు."

"పద్నాలుగు పోగులకు నెల జీతమిస్తున్నరా!"

"బాపూ!"

"ఏమే పోశమ్మా, ఇన్నవా? నీ బిడ్డ పద్నాలుగు పోగుల కాడ పొద్దుగాల సంది ఏడుస్తుంది!"

"దాన్ని సతాయించకయ్యా! చాయ్ తాగినవు గదా, వచ్చి ఎల్లిగడ్డ ఒలువు."

"నాకీడ పనున్నది. ఎల్లిగడ్డ నువ్వే ఒల్చుకో."

"బాపు, మజాక్ వద్దు. నిజంగ భయమైతుంది నాకు. ఇరవై సార్లు చూసిన. పేరు పేరుకే పోయింది, పత్తా పత్తాకే పోయింది, ఫోను ఫోనుకే. ఒక్క గీత వంకర లేదు. అయినా నలభై ఉల్టా."

"కన్నుతోని చూస్తె దొరకదు బిడ్డా. తెల్లపోగుల నడుమ తెల్లపోగు తప్పితె ఎవనికి కనబడుతది? ఒక ఎర్రపోగు ఎక్కియ్యి."

"ఎర్రపోగు అంటె?"

"ఒక్క పోగుకు ఎర్రరంగు పూసి ఇటుకెల్లి పంపితె, అటు ఏ కన్నులకెల్లి తేల్తదో అదే చెప్తది. నువ్వు తలకాయ పగలగొట్టుకునే పనుండదు. గట్లాంటిది నీ లిస్టుల ఒకటి పెట్టు. చూడంగనే ఇది మనదే అని ఎరుకవడాలె."

"టెస్ట్ వరస అన్నట్టు. పొద్దుగాల నలభై పంపకముందే గట్ల ఒకటి పంపి చూడాల్సింది..."

"చూడలే?"

"తొందరల చూడలే."

"అందరు గట్లనే చేస్తరు. నేను గూడ చేసిన."

"నువ్వా? నువ్వు తప్పు ఎక్కిచ్చినవా?"

"సూరత్‌కు వచ్చిన మొదటి ఏడు. ఒక్క పోగు పక్క కన్నులకు పోయింది, దాని ఎనుక ఉన్నయన్ని జరిగినయి. రెండు వందల మీటర్లు నేసినంక చూస్తె, బట్ట నడుమల పొడుగూత గీత."

"అయ్యో! బట్ట ఏమైంది మరి?"

"ఏమైతది, అమ్ముడుపోయింది. సూరత్‌ల అమ్ముడుపోని బట్ట ఉంటదానే? నువ్వు ముందుగాల పేరు రాయి."

"ఎవరి పేరు?"

"మీ అమ్మ పేరు రాయి. ఆ నలభై మందిల పోశమ్మ అయితె ఉండదు."

"నా పేరు ఎందుకు గుంజుతున్నరు నడుమల?"

"నువ్వు చీర కొంటున్నవ్ అమ్మా. ఉత్తుత్తిగ."

"ఏ రంగుది?"

"ఎరుపు."

"ఎరుపు నాకొద్దు. పచ్చది రాయి."

"ఉత్తుత్తి చీరే గదా అమ్మా!"

"ఉత్తుత్తిదయితె నాకు నచ్చిన రంగు రాయనీకి ఏం రోగం?"

"సరే, పచ్చ. కొన్నామె పోశమ్మ, పత్తా మన గల్లీ, ఫోను అమ్మది. పంపిన. ఇగో, కొరియరోళ్ల కాడికెల్లి జవాబు గూడ వచ్చింది. ఫారం ముట్టింది అంటుంది."

"దాంట్ల మీ అమ్మ ఏడ తేలింది?"

"ఉండు... పంపేటోళ్లు..."

"చదువు, చదువు."

"పంపేటోళ్లు పోశమ్మ. అందుకునేటోళ్లు శేఠ్ దుకాణం! బాపూ, అమ్మనే శేఠ్‌కు చీర పంపుతుంది!"

"నేనెందుకు పంపుత? నాకే సక్కంగ లేవు."

"జర ఆగవే పోశమ్మా. బిడ్డా, ఆ పోగు పోయిన కాడ కుడి దిక్కు ఏమున్నదో తెరిచి చూడు."

"ఇవి మూసి ఉన్న డబ్బాలు. తెరుస్తున్న... అరే! రెండున్నయి బాపు. పైది పంపేటోళ్లది, దాంట్ల పేరు, పత్తా, ఫోను. కిందిది అందుకునేటోళ్లది, దాంట్ల గూడ పేరు, పత్తా, ఫోను. అచ్చం ఒక్క తీరుగ. పైన ఉన్నదాంట్ల కొన్నోళ్లను పెట్టి, కిందిదాంట్ల శేఠ్‌ను పెట్టిన."

"ముందటి అచ్చుకు పోయే పోగు ఎనుకటి అచ్చుకు పోయింది. గదే గల్తీ. మార్చు మరి, టైమైతుంది."

"మారుస్తున్న. పేరు కిందికి... పత్తా కిందికి... ఫోను... శేఠ్ పైకి. ఇంకో ఎర్రపోగు పంపుతున్న. అమ్మ పేరే, పచ్చ చీరనే... పంపేటోళ్లు శేఠ్! అందుకునేటోళ్లు పోశమ్మ! అయింది బాపు, అయింది!"

"ఇంకా పదకొండు నలభయ్యే."

"నువ్వు లేకుంటె నాకు దొరికేది గాదు. నిజంగ."

"మూడు నెలల్ల ఇయ్యాల్నే నాకు పని దొరికినట్టున్నది బిడ్డా. మనసుకు మంచిగనిపిస్తుంది. ...తలుపు కొడుతున్నరు ఎవరో. పోశమ్మా, చూడు. మాస్కు పెట్టుకొని పో."

"నేను సార్‌కు రాస్తున్న. తప్పు దొరికింది, సరిజేసిన అని... అమ్మా, గంతసేపు ఎవరితోని మాట్లాడుతున్నవ్? ఎవరు?"

"కొరియరాయన. చీర ఇయ్యుమన్నడు, ఇచ్చి పంపిన."

"ఏంది!"

"చీరనే. ఇచ్చి పంపిన."

"అమ్మా, అది ఉత్తుత్తి చీర!"

"నువ్వు ఉత్తుత్తిగ రాస్తె ఆయన నిజంగనే అచ్చిండు. మన ఎనుక గల్లీలనే ఉన్నడట."

"అయ్యో, పరీక్షకని వేరేగ ఉన్న టెస్ట్ దాంట్లకు గాక, కొరియరోళ్ల అసలు దాంట్లకే పంపిన్నా! ఏ చీర ఇచ్చినవ్ అమ్మా?"

"అంచు చినిగిన నీలం చీర. పాత చీరలు తీస్కొని స్టీలు గిన్నెలిచ్చే ఆమె మార్చి సంది రాకపాయె. మూట గట్టి తలుపు ఎనుక పెట్టి, ఎప్పుడస్తదా అని చూస్తున్న. ఇంతల ఈయన అచ్చి చీర ఇయ్యుండ్రి అన్నడు. గీ రోగం దినాలల్ల ఇగ గిట్ల మొదలుపెట్టిండ్రేమో అనుకున్న."

"ఆయనను అడగకపోయినవా?"

"అడిగిన. దీనికి ఏమిస్తరు నాయినా అన్న. నాకేమెరుక అవ్వా, పొద్దుగాల సంది అందరు గదే అడుగుతున్నరు అన్నడు. మూట అంత తీస్కపో అంటె, ఒక్కటే రాసుంది అన్నడు. మీ శేఠ్‌ను అడుగు, మూతున్న డబ్బా ఇస్తడా అని."

"అందరు అడుగుతున్నరా? అందరు అంటె..."

"బిడ్డా, నీ ఫోన్ మోగుతుంది."

"శేఠ్! బాపు, సీదా నాకే చేస్తున్నడు. ఇగ అయిపోయింది నా పని."

"ఎత్తు. గల్తీ నాదే, సరిజేసిన అని చెప్పు. దాసకు."

"హలో... జీ శేఠ్... జీ, గల్తీ మేరీ థీ... జీ, ఠీక్ కర్ దియా, అభీ అభీ... కిత్‌నే? ఛబ్బీస్?... జీ?... జీ, పోశమ్మ మేరీ మమ్మీ హై... నహీ శేఠ్, లిస్ట్ మే నహీ థీ... శామ్ తక్?... జీ, కర్ దూంగీ. జై శ్రీకృష్ణ."

"ఏమన్నడే? గట్ల చూస్తున్నవేంది? తిట్టిండా?"

"తిట్టిండు."

"తిట్టనీ. తప్పు జేసినంక తిట్లు పడాలె."

"తప్పు జేసినందుకు గాదు బాపు."

"మరి?"

"నలభై మందిల ఇరవై ఆరుగురు పాత చీరలు ఇచ్చి పంపిండ్రట. దుకాణంల కుప్ప పడ్డదట. ఇగ ఫోన్ల మీద ఫోన్లు. పాతదానికి కొత్తదాని మీద ఎంత తగ్గిస్తరు అని ఒకామె, మా చెల్లెకాడ గూడ ఉన్నయి, ఆమె ఇంటికి గూడ మనిషిని పంపుండ్రి అని ఒకామె. మార్కెట్ తెరిచిన సంది గింత గిరాకీ లేదట."

"గిన్నెలామె లేకపాయె గదా. ఆడోళ్లు ఎవరికియ్యాలె మరి?"

"నీకు పచ్చ చీర పాకెట్ జేస్తున్నడు అమ్మా. ఆ రెండో ఎర్రపోగు గూడ నిజంగనే పోయింది. ఎవరీ పోశమ్మ అంటె మా అమ్మ అన్న. ఉంచుకోనీ అన్నడు."

"నిజంగనా! పచ్చదేనా?"

"పచ్చదే. పని గూడ నా చేతులనే ఉంటది, రవీంద్ర సార్‌కు శేఠే చెప్తడట."

"గంత మంచిగ మాట్లాడినోడు మరి నిన్ను తిట్టుడెందుకే?"

"సరిజేసినందుకు బాపు. ఆ నలభై చీరలు ఎట్ల పంపుతవో పంపు, గని సాయంత్రం వరకు గదే తప్పు మళ్ల చెయ్యుమన్నడు, ఈసారి నాలుగు వందల మందికి."