రాదయ్య దొర వేషం

"తాతా, గని టోపీకి ఈ బంగారు రంగు ఎందుకేసిండ్రే?"

అది టోపీ కాదు బిడ్డా, కిరీటం. నవ్వకు. అది పెట్టుకొని నేను ఒక్కపూట దొరతనం చేసిన. ఇట్ల కూసో, చెప్త.

గప్పుడు మా బొగ్గు గనికి కొత్త మిషిన్ వచ్చింది. దాన్ని బిగించనీకి సెర్బియా నుంచి ఒకాయన వచ్చిండు. ఇంత పొడుగు మనిషి. పచ్చిపులుసంటే పానమిచ్చేటోడు. పావలాకు చాయ్ వస్తుండె గప్పుడు, ఆయన ఒక్కటితోని ఊకునేటోడు కాదు... సరే, అది పోనియ్.

ఆయన పోయే ముందు నాటకం వేద్దామనుకున్నం. మీ దిక్కు కథ చెప్పమంటే చెప్పిండు, ఇంజనీరు సారు మాకు తెలుగుల చెప్పిండు. ఎనకట వాళ్ల తాన ఒక దొర. రాదోస్లావో ఏందో, మా నోరు తిరగక రాదయ్య దొర అన్నం. మొదాలు గుర్రాలు కడిగేటోడు. యుద్ధంల రాజు పానం కాపాడితే, రాజు కోటిచ్చిండు, ఊర్లిచ్చిండు. ఇగ చూస్కో, కాళ్లు నేల మీద ఆన్తలేవు. ముసలి రాజు పోయి కొడుకు గద్దెనెక్కితే, నిన్నమొన్నటి పోరనికి నేను మొక్కుడేంది అన్నడు దొర. కొత్త రాజు ఫౌజు తెచ్చి కోట గుంజుకున్నడు, తల తీయించిండు. గంతే కథ.

దొర వేషం నాకు, కొత్త రాజు వేషం మా బావకు. సంబురంగ ఇంట్ల చెప్తే మా అవ్వ తినే ముద్ద కింద పెట్టింది. మా నాయిన గనిలనే పోయిండు గదా, నేనొక్కణ్నే కొడుకును. "ఆటకు గూడ నువ్వు సావద్దు కొడుకా" అన్నది. నాటకమే అవ్వా అంటే ఇంటేనా? మాట్లాడుడే బంద్ చేసింది.

సెర్బియాయనకు చెప్పినం. నవ్వుతడనుకున్న, నవ్వలే. మా దిక్కు గూడ బొగ్గు గనులున్నయి, మా అమ్మ గూడ గిట్లనే భయపడ్తది అన్నడు. రాజ్యం పోయిన దొరలు మఠంల చేరి సన్నాసులయ్యేది గూడ ఉండెనట. తల ఉండనియ్, దొరను సన్నాసిని చేద్దాం అన్నడు.

నాటకం నాడు మైదానం నిండ జనం. బావ నా కిరీటం గుంజుకున్నడు. నేను కాషాయం కట్టుకొని మెల్లగ స్టేజి దిగుతున్న. ఆడోళ్లు అయ్యో పాపం అంటున్నరు, గంత ఎత్తుకెక్కి గిట్ల పడ్డడేందని. మా అవ్వ లేచి నిలబడ్డది.

"ఏం పాపం? కోటలు పోతే పోయినయి. నా కొడుకు పానంతోటి ఇంటికొస్తుండు."

ఆడోళ్లంత గని దిక్కు చూసిండ్రు. వాళ్ల మొగోళ్లు సగం మంది సెకండ్ షిఫ్టుల, కింద గనిలనే ఉండిరి గదా. మల్ల ఒకటే చప్పట్లు. సెర్బియాయన వచ్చి అవ్వ కాళ్లు మొక్కితే, సిగ్గుతోటి ఇంటి దిక్కు ఉరికింది.

నువ్వు గూడ మంచిగ ఎక్కు బిడ్డా, ఎంతెత్తుకన్న ఎక్కు. పడ్డా ఫికర్ లేదు. సల్లగ ఇంటికి రా, గంతే.