ముందు వరుస

చిన్న ద్వీపం, సాయంత్రానికి పెళ్ళి. ఇసుకలో కుర్చీలు వేస్తున్న మనిషిని చూసి పెళ్ళికూతురు ఆగిపోయింది.

"బాబాయ్? నువ్విక్కడేంటి?"

"టెంటువాళ్ళకి మనుషులు తక్కువయ్యారట. సామాన్ల పడవెక్కి వచ్చేశా."

"పడవల్లో చోటు చాలదనే నిన్ను పిలవలేదు..."

"తెలుసులే. మీ అమ్మ ఫోన్ చేసింది. ఫొటోలు పంపిస్తానంది."

"నువ్వు ముందు వరుసలో కూర్చోవాలి."

"ఈ చొక్కాతోనా? వీపు మీద టెంటు కంపెనీ పేరుంది."

"వేరే చొక్కా తెప్పిస్తాను."

"వద్దమ్మా. నిలబడి చూసినా పెళ్ళి పెళ్ళేగా."

"నాన్న పోయాక నన్ను పెంచింది నువ్వు. నాకు నడక నేర్పిందే నువ్వు. ఇవాళ నువ్వు నిలబడి చూడటమేంటి?"

"మెల్లగా మాట్లాడు. మీ అత్తగారు ఇటే వస్తున్నారు. నేనెవరని అడిగితే ఏం చెప్తావ్?"

అత్తగారు దగ్గరికొచ్చేశారు.

"ఈ వరుస కాస్త వెనక్కి జరపండి," అంది పెళ్ళికూతురు, అతని వైపు చూడకుండా.

"అలాగే మేడమ్. ఇక్కడ ఇసుక దిగబడుతోంది, చూసి నడవండి."