లాకుల కాడ లైసెన్సు నిమజ్జనం

సామ్రాజ్యమ్మ అనీ, కాలవ లాకుల కాడ ఇడ్లీ హోటలు పెట్టుకున్నావిడ. మొగుడు పోయినాక ఒక్క పొయ్యితో మొదలెట్టి నాలుగు పొయ్యిల దాకా తెచ్చింది, ఆ హోటలంటే ఆమెకి ప్రాణం, అది ముందు మనసులో పెట్టుకోండి. ఏమైందంటే, సర్కారోళ్ళు వొచ్చి, హోటలు నడపాలంటే లైసెన్సు ఉండాలమ్మా, అది అందరికీ కనపడేట్టు గోడకి తగిలించాలమ్మా అన్నారంట. సరే, తిరగ్గా తిరగ్గా తెచ్చుకుంది. తెచ్చుకున్నాక అందరికీ కనపడే చోటేదా అని చూసింది. ఆ హోటల్లో అడుగు పెట్టినోడు ఎవడైనా ముందు చూసేది దేవుడి పటాలున్న గోడే. దుర్గమ్మకీ ఎంకన్నకీ మజ్జెలో అద్దం కట్టించి తగిలించింది. మరి పటాల మజ్జెలో ఉన్నదాన్ని వొట్టిగా ఎట్టా ఉంచుతాం, మీరే చెప్పండి. నాలుగు మూలలా పసుపు పెట్టింది. మర్నాడు బొట్టు పెట్టింది. ఆ మర్నాడు దండేసింది. నెల తిరిగేసరికి మొదటి వాయి ఇడ్లీ లైసెన్సుకి నైవేద్యం పెట్టందే ఎవరికీ ఎయ్యటంలా.

ఇంక చూడండి. దేవుడున్న చోటికి చెప్పులతో వస్తారా, రారు. తానం చెయ్యకుండా పిండి ముట్టుకుంటారా, ముట్టుకోరు. వంటమాస్టరు చెంచయ్య అని ఒకడున్నాడు, ముందు నోట్లో బీడీ పెట్టుకునే దోసెలు పోసేవాడు. ఇప్పుడు లైసెన్సు చూస్తందని బీడీ మానేశాడు. పెళ్ళాం కాళ్ళావేళ్ళా పడితే మానలేదు, కాగితానికి భయపడి మానేశాడనుకోండి.

అట్టా ఉండగా ఏడాది తిరిగింది. బస్సు దిగి దోసె తినటానికొచ్చిన పంతులుగారొకాయన గోడ వంక చూసి, అమ్మా, దీని గడువు ఈ ఆదివారంతో సరి, పాతది తీసేసి కొత్తది పెట్టుకోవాలి అన్నాడంట. సామ్రాజ్యమ్మ గరిటె కింద పెట్టేసింది. ఏడాది పూజలందుకున్నదాన్ని తీసి ఏం చెయ్యాలి? చెత్తలో ఎయ్యలేం, పొయ్యిలో పెట్టలేం, బజ్జీలు పొట్లం కట్టలేం. అప్పుడు చెంచయ్యే అన్నాడంట, వినాయకుణ్ణి ఏం చేస్తన్నామక్కా, దీన్నీ అంతే అని. ఇంకేముంది, ఆదివారం పొద్దున్నే ట్రాక్టరు కడిగారు, అరిటాకులు కట్టారు, లైసెన్సుని పీట మీద కూర్చోబెట్టారు. డోలు ఎవరనుకున్నారు, నేనే. రెండు బస్సులు ఆగిపోయినయ్, అందులో జనం కూడా దిగి చిందులేశారు. హెడ్డు కానిస్టేబులు మస్తాను ముందు నడిచి దారి చేశాడు, కాలవ దగ్గరికొచ్చేసరికి టోపీ చంకలో పెట్టుకుని ఆయనా రెండడుగులేశాడు. అద్దం విప్పి, కాగితాన్ని మూడు మునకలు ముంచి వొదిలారు. సామ్రాజ్యమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఏడాదంతా చల్లగా చూశావు తల్లీ, పోయిరా అంది.

సోమారం కొత్తదాని కోసం ఆఫీసుకి పోయింది. అక్కడ ఇనస్పెట్రు ప్రభుదాసు అని, మంచోడే, కానీ రూలు దాటడు. పాతదేదమ్మా అన్నాడు. పాతది సర్కారుకి అప్పజెప్తేనే కొత్తదిస్తాం అన్నాడు. గంగలో కలిపామయ్యా అంది. ఆయన కలం కింద పెట్టి మళ్ళీ అడిగాడంట, మళ్ళీ అదే చెప్పింది. అయితే పోయిందని పోలీసుల కాడ రాయించుకుని రా, రేపు పొద్దున్నకల్లా తేకపోతే హోటలుకి సీలెయ్యాల్సిందే, నేనేం చెయ్యలేను అన్నాడు. పరిగెత్తింది స్టేషనుకి. అక్కడ మస్తాను తల గోక్కుంటా, పోయిందని ఎట్టా రాస్తా సామ్రాజ్యమ్మా, బస్సులాపింది నేనేగా, నా కళ్ళముందు పంపించినదాన్ని పోయిందని రాస్తే రేపు నా ఉజ్జోగం పోద్ది అన్నాడు. ఆమెకీ ఆ మాట నోటికి రాలేదనుకోండి. మనమేమన్నా పారేసుకున్నామా, డోలు పెట్టి సాగనంపాం, పోయిందంటే ఆ తల్లికి కోపం రాదా అని, ఉత్తచేతులతో తిరిగొచ్చింది.

మంగళారం పొద్దున ప్రభుదాసు రానే వొచ్చాడు, చేతిలో లక్క, గుడ్డపీలిక. ముందు వంటిల్లు చూడాలి కదా, చూశాడు. గుమ్మంలో చెంచయ్య అడ్డంపడి చెప్పులిప్పించాడు. లోపల మూతలేని గిన్నె లేదు, ఈగ లేదు, గోరు పెంచినోడు లేడు. పదమూడేళ్ళుగా వంటిళ్ళు చూస్తన్నానమ్మా, తప్పు రాయటానికి ఒక్కటీ దొరకని వంటిల్లు ఇదే మొదలు అన్నాడంట. అని మళ్ళీ, అయినా కాగితం లేదు కదా, ఎవరన్నా అగ్గిపెట్టె ఇవ్వండి, లక్క కరిగించాలి అన్నాడు. నైవేద్యం పెట్టటానికి లైసెన్సు లేక ఆ పొద్దున పొయ్యిలే వెలిగించలేదు. అక్కడ చూడొచ్చిన జనం నలభై మంది ఉన్నారా, నలభై మందీ బీడీలు తాగేవాళ్ళే, ఒక్కడి దగ్గర అగ్గిపెట్టె లేదంట. నా జేబులో మాత్రం రెండున్నయ్, నేనూ జేబులు తడుముకుంటానే ఉన్నా.

సామ్రాజ్యమ్మ, ఇన్నేళ్ళ కష్టం ఒక్క లక్కబొట్టు కింద పోతందే అని కాలవ వంక తిరిగి కొంగు కళ్ళకి అద్దుకుంది. అద్దుకున్నదల్లా అట్టాగే ఆగిపోయింది. ఎదురుగా లాకుల మీద ఇనప బోర్డు. అయ్యా, ఆ బోర్డు మీద ఏం రాసుందో ఒకసారి చదువు అంది. ప్రభుదాసు కళ్ళజోడు పైకి తోసుకుని, ఈ కాలవ ప్రభుత్వ ఆస్తి, ఇందులో గేదెలను కడగరాదు, అని చదివాడు. ఆ, అదే, మా గేదెని దించినందుకు ఆ బోర్డు చూపించే నన్ను మిట్టమజ్జాన్నం దాకా ఎండలో నిలబెట్టారు మీ సర్కారోళ్ళు. పాతది సర్కారుకి అప్పజెప్పాలంటివి. ఆదివారం పొద్దున, మీ పోలీసాయన ముందు, రెండు బస్సుల జనం ముందు, డోలు కొట్టి మరీ మీ కాలవకి అప్పజెప్పా. నేనిచ్చిందాన్ని మీరు పోగొట్టుకుని నా పొయ్యి ఆర్పుతానంటే ఎట్టయ్యా, అంది. ఆయన, కాలవ వేరే శాఖోళ్ళదమ్మా, మాది కాదు అన్నాడు. నీ పెళ్ళాం చేతికిస్తే నీ ఇంటికిచ్చినట్టు కాదా, అంది.

నలభై మందీ గొల్లుమన్నారు. ప్రభుదాసు నవ్వకూడదని పెదాలు బిగబట్టాడు, ఆగితేనా, కళ్ళజోడు తీసి తుడుచుకుంటా నవ్వాడు. మస్తాన్ని పిలిచి, నీ ముందే అప్పజెప్పిందా అని అడిగాడు. అప్పజెప్పింది సార్, నేనే సాచ్చికం అన్నాడు మస్తాను, ఈసారి నిజమే కాబట్టి సంతకం చకచకా పెట్టాడు. పాత లైసెన్సు ప్రభుత్వానికి ముట్టినది అని రాసుకుని, లక్క జేబులో ఏసుకుని పోయాడు ప్రభుదాసు. శుక్రారానికి కొత్తదొచ్చింది.

ఇప్పుడు ఏటా ఊరేగింపు కాలవకి కాదు, బస్సెక్కి ఆఫీసుకే పోతది. అక్కడ బంట్రోతు ఎదురొచ్చి కొబ్బరికాయ కొట్టి మరీ పాతది పుచ్చుకుంటాడు. డోలు ఇప్పటికీ నాదే. ఇంత చేసినా ఆ హోటల్లో నాకు రెండో గరిటె చట్నీ పడదు. ఏంది సామ్రాజ్యమ్మా అంటే, ప్లేటుకి ఒక గరిటేనని లైసెన్సులో రాసుంది, కావాలంటే చదువుకో అంటది. నాకా చదువు రాదు, ఆమెకీ రాదు, ఇద్దరం దాని వంక చూసి దణ్ణం పెట్టుకుంటాం.