దొర పొలంలో కాలిదారి, క్రాగ్ సాక్ష్యం

ఆ ఆదివారం మధ్యాహ్నం మీరూ ఆ పబ్‌లోనే ఉన్నారు. కిటికీ పక్క బల్ల దగ్గర, కాల్చిన గొర్రె మాంసం నములుతూ. కాబట్టి చెప్పండి, ఏం చూశారు? మా ముసలి క్రాగ్ గ్లాసు ఖాళీ అయిన ప్రతిసారీ నింపించింది ఎవరో చూశారా? నేను చూశాను. మా ఊళ్లో ఎవరూ ఎరగని మనిషి. బూడిదరంగు కోటు, మోకాలి మీద చిన్న నోటు పుస్తకం.

మర్నాడే బడి హాల్లో విచారణ. మా థార్న్‌హో నుంచి పొలం మీదుగా చర్చి శ్మశానానికి వెళ్లే కాలిదారికి పెన్‌రిడ్జ్ దొర ముళ్లకంచె వేసేశాడు. ఆ శ్మశానంలో మా హెస్టర్ వదిన మొగుడు ఉన్నాడు. దారి ఉంటే ఏడు నిమిషాలు. లేకపోతే లారీల రోడ్డు మీద మూడు మైళ్లు, ఆ మోకాళ్లతో. చట్టం మమ్మల్ని అడిగేది ఒక్కటే. జనం ఇరవై ఏళ్లు ఆగకుండా నడిచారా? అదీ బలవంతంగా చొరబడకుండా, దాక్కోకుండా, దొర అనుమతి తీసుకోకుండా. ఈ మూడింట్లో ఏది తప్పినా దారి దొర పాలే. ఈ దారి కోసమే మా నాన్న ఆరు వారాలు జైల్లో కూర్చున్నాడు. నేను ఇంటింటికీ తిరిగి తొమ్మిది సాక్ష్యాలు రాయించాను. మొదటి సంతకం క్రాగ్‌ది. నలభై ఏళ్లు నడిచానని.

ఆ ఆదివారం నేను పబ్‌లోకి వచ్చేసరికే క్రాగ్ గొంతెత్తాడు.

"నలభై ఏళ్లండీ, రోజుకి రెండుసార్లు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, వానొచ్చినా సరే మంచు పడినా సరే, నా అడుగులకే ఆ దారి మూరెడు లోతు దిగిపోయింది, నమ్మకపోతే వెళ్లి కొలుచుకోండి!"

"మరి గేటు ఉండేదా?" అన్నాడు కోటు మనిషి, మెల్లగా.

"గేటా! మామూలు గేటా అది? ఇనప గేటు, దానికి మూడు తాళంకప్పలు, ఒక్కోటీ నా తలకాయంత. తాళాల జోలికి పోయానా? నాకేం ఖర్మ? గేటుని స్తంభాలతో సహా పెకిలించి, భుజాన వేసుకుని, దొరగారు పొద్దున్నే ఫలహారం చేస్తుంటే ఆ కిటికీ ముందు నిలబెట్టి, 'ఇదిగోండి మీ గేటు, ఇక్కడే కాపలా కాసుకోండి' అని చెప్పి మళ్లీ వచ్చి నా దారిన నేను నడిచా. పాపం, నోట్లో గుడ్డు అలాగే ఉండిపోయింది, మింగడం కూడా మర్చిపోయాడు!"

పబ్ అంతా నవ్వింది. పెన్సిలు కదిలింది. బలవంతం. ఒకటి.

"క్రాగ్, ఇక నోటికి తాళం వెయ్యి," అన్నాను.

"తాళమా విన్నీ? తాళాలు నన్నేం చేస్తాయో ఇప్పుడే కదా చెప్పాను! ఆ తర్వాత ఏమైందో తెలుసా? దొర తుపాకులిచ్చి ఆరుగురు కాపలావాళ్లని పెట్టాడు. నేనేం చేశానూ, గొర్రెతోలు కప్పుకుని మందలో దూరి నాలుగు కాళ్ల మీద పోవడం మొదలెట్టా. ఎవడైనా కనిపెట్టాడా? కుక్కే నన్ను అదిలించి మందలో కలిపింది! ఒకసారి బొచ్చు కత్తిరించేవాళ్లొచ్చి నన్నూ పట్టుకుని, వెల్లకిలా పడేసి, కత్తిరించి పారేశారు. నా ఉన్నికి ఆ ఏడు సంతలో మొదటి బహుమతి వచ్చింది, అందుకున్నదెవరు? దొరగారే!"

"ఎంత తూగిందేంటి, నీ బొచ్చు?" అన్నాడు పబ్ యజమాని టాబిట్, గ్లాసు తుడుస్తూ.

"నాలుగు బస్తాలు! తోక బొచ్చు వేరే!"

"అంటే దాక్కుని వెళ్లేవారన్నమాట," అన్నాడు కోటు మనిషి. "టాబిట్ గారూ, ఈయన గ్లాసు ఒకసారి చూడండి."

రెండు. నేను వెళ్లి క్రాగ్ చొక్కా పట్టుకుని లాగాను. విదిలించుకున్నాడు.

"చివరికి దొరే దిగొచ్చాడయ్యా! ఇంట్లో చెప్పులతోనే పరిగెత్తుకొచ్చి, 'క్రాగ్ గారూ, మీతో నేను వేగలేను, జీవితాంతం మీకు నా అనుమతి, మీ ఇష్టమొచ్చినట్టు నడవండి' అని నా చెయ్యి పట్టుకుని తనే నడిపించాడు. అంతటితో అయిందా? దానికి ముద్ర వెయ్యడానికి లండన్ నుంచి పెద్ద జడ్జీ వచ్చాడు, విగ్గుతో సహా, వచ్చినవాడు ఊరుకుంటాడా, బురదగుంటలో మెడ దాకా దిగబడ్డాడు. నేను విగ్గు పట్టుకుని ఒక్క లాగు లాగితే ఆయనా, ఆయన కాళ్లు పట్టుకుని పాతకాలం జడ్జీ ఇంకొకడూ, వాడి కింద పన్నెండుమంది జ్యూరీ, గొలుసులా పైకొచ్చారు! మూడొందల ఏళ్లుగా తీర్పు తేలక ఆ బురదలోనే వాదించుకుంటున్నారట, పాపం. నన్ను చూడగానే అందరూ ఒక్క గొంతుతో, 'దారి క్రాగ్‌దే' అన్నారు!"

నవ్వినవాళ్లు నవ్వారు. నాకు ఆ బురదా జడ్జీలూ ఏమీ వినపడలేదు. అనుమతి. మూడు.

కోటు మనిషి పేజీ తిప్పాడు. "ఇదంతా రేపు ప్రమాణం చేసి చెబుతారా?"

"బైబిల్ మీద రెండు చేతులూ పెట్టి!"

అప్పుడు మూల నుంచి హెస్టర్ వదిన మాట్లాడింది. ఒళ్లో మొగుడి సమాధికని తెచ్చిన పూలు అలాగే ఉన్నాయి.

"క్రాగ్, అన్నీ చెప్పావు. పెద్దబాతుల సంగతి చెప్పవేం?"

"ఏ బాతులు?"

"దారి మధ్యలో, రాతిమెట్ల దగ్గర, డిల్‌వర్త్ వాళ్ల పెద్దబాతులు. అవి నిన్ను ఎక్కడ పొడిచాయో నేను చెప్పనా, నువ్వు చెబుతావా? వారం రోజులు మా ఇంట్లో బోర్లా పడుకున్నావు. మందు రాసింది నేనే. నలభై ఏళ్ల కిందటి మాట అది. ఆ రోజు నుంచి ఒక్కసారైనా ఆ దారి తొక్కావా?"

"హెస్టర్, ఇప్పుడవన్నీ..."

"నా మొగుడి పెట్టె ఊరంతా కలిసి ఆ దారినే మోశారు. నువ్వు మాత్రం రోడ్డు మీద ఒక్కడివే మూడు మైళ్లు తిరిగి, మట్టి వేసేటప్పటికి వగరుస్తూ వచ్చావు. ఆయనకి నువ్వంటే ప్రాణం. అయినా రాలేదు. చెప్పు, నడిచావా?"

క్రాగ్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "అవి బుసకొడతాయి హెస్టర్," అన్నాడు, చిన్నపిల్లాడిలా.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను సంచిలోంచి అతని కాగితం తీసి, 'ఈ నలభై ఏళ్లలో నేను ఈ దారిన నడవలేదు, నా సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నాను' అని అందరి ముందూ అతని చేతే రాయించాను. తొమ్మిదిలో ఎనిమిది మిగిలాయి. ఎనిమిదీ నిజాలు. కోటు మనిషి నోటు పుస్తకం మూసి, తన గ్లాసు సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

కానీ నాకు నిద్ర పట్టడం లేదు. క్రాగ్ పుట్టిన దగ్గర్నుంచీ కోతలే కోశాడు. చేపల గురించి, వరదల గురించి, తన పళ్ల గురించి. ఆ కోతలకి ఏనాడూ ఒక వరస లేదు. ఈ ఒక్కసారి మాత్రం గేటు, గొర్రెతోలు, అనుమతి. చట్టం వద్దన్న మూడూ, ఒక్కటీ వదలకుండా. నోరు జారితే ఒకటి జారుతుంది. మూడూ జారతాయా?

నేను రాకముందు అరగంట సేపు ఆ కోటు మనిషి క్రాగ్ చెవి దగ్గరికి వంగి కూర్చున్నాడని టాబిట్ అంటున్నాడు. క్రాగ్‌ని అడిగితే తల వంచుకుంటున్నాడు. మీరు పక్క బల్ల దగ్గరే ఉన్నారు. ఆ కోటు మనిషి క్రాగ్ చెవిలో ఏం చెప్పాడు?