స్వామివారి తెప్పకి ఏ బ్యాటరీ

మధ్యాహ్నం పన్నెండింటిదాకా మైథిలికి గడువుంది. ఆలోగా పడవ మోటారుకి ఏ బ్యాటరీ కావాలో వాట్సాప్‌లో పెడితే సూరజ్‌పూర్ దుకాణంవాడు సాయంత్రానికల్లా సొసైటీ గేటు దగ్గర దింపేస్తాడు. పెట్టకపోతే అంతే సంగతులు. రేపు సోమవారం, వాడి బజారుకి సెలవు. రేపే కార్తీక సోమవారం, సాయంత్రం ఆరింటికి సొసైటీ చెరువులో పార్వతీ పరమేశ్వరులకి తెప్పోత్సవం.

గ్రేటర్ నోయిడాలో ఇరవై రెండు టవర్ల సొసైటీ అది. నూట నలభై తెలుగు కుటుంబాల వాళ్ళు మూడు నెలలు కాళ్ళరిగేలా తిరిగితే చెరువులో పడవ తిప్పుకోవడానికి అనుమతి దొరికింది, అదీ పెట్రోలు ఇంజను పెట్టకూడదన్న షరతు మీద. తెడ్డు వేద్దామంటే ఆఫీసు కుర్చీలకి అతుక్కుపోయిన మగాళ్ళలో ఒక్కరికీ చేతకాలేదు. రిహార్సల్ రోజున పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగి, చూడ్డానికొచ్చిన పిల్లల చేత చప్పట్లు కొట్టించుకుంది. అందుకని పడవ వెనక బిగించే చిన్న కరెంటు మోటారు తెప్పించారు. మోటారొచ్చింది, పడవొచ్చింది, బ్యాటరీ ఒక్కటే మిగిలింది. ఆ పని మైథిలి నెత్తిన పడింది.

పని నెత్తిన పడిందని ఆమెకి బాధ లేదు. భయం ఉంది. పడవలో ఉత్సవ విగ్రహాలని పట్టుకుని కూర్చునేది ఆమె మావగారు పాపయ్యగారు. డెబ్బై ఆరేళ్ళు, ఈత రాదు. లైఫ్ జాకెట్ వేసుకోమంటే, మడిబట్ట మీద ఆ నారింజరంగు సంచీ తగిలించుకోనని తెగేసి చెప్పారు. చెరువు మధ్యలో లోతు పదడుగులు. ఆయనకేమన్నా అయితే ఊళ్ళో ఉన్న అత్తగారి మొహం ఎలా చూడాలో తెలియక మైథిలికి రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకటి ఇళ్ళల్లో ఇన్వర్టరుకి వాడే ట్యూబులర్ బ్యాటరీ, సీసమూ యాసిడూ నిండిన అరవై కిలోల బండ. రెండోది లిథియం, పన్నెండు కిలోలు, చేత్తో పట్టుకుని నడిచిపోవచ్చు. మొదటిది అందరి ఇళ్ళల్లోనూ ఉన్నదే. రెండోది ఎవరూ వాడి చూడలేదు. కమిటీ పెద్ద శివరామకృష్ణగారికి ఫోన్ చేస్తే, "జనార్దనరావుగారిని అడుగమ్మా, అనుభవజ్ఞుడు" అని చెప్పి పెట్టేశారు.

ఆ అనుభవజ్ఞుడు గేటు బయట చాయ్ కొట్టు దగ్గర, ఎండ పడేచోటు చూసుకుని కూర్చుని ఉన్నాడు. రాజోలు వైపు మనిషి, ఢిల్లీ కంటోన్మెంటులో మిలటరీ స్టోర్సులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. ఆయన నోరు తెరిస్తే చాయ్‌వాలా కూడా, తెలుగు ముక్క రాకపోయినా, ఆయన చేతుల వైపే చూస్తూ పాలు పొంగబెట్టుకుంటాడు. ఎదురుగా తిరుమలేష్ ఉన్నాడు. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, రేపు మోటారు నడిపేది అతనే. పక్క కుర్చీలో తాయారమ్మగారు ఉంది. మూడో టవర్ హరిప్రియ తల్లి, పోయిన నెలే కూతురి దగ్గరికొచ్చింది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని రేపటికి మూడువందల అరవై అయిదు వత్తులు చేసుకుంటోంది.

మైథిలి సంగతి చెప్పగానే తిరుమలేష్ ఫోన్ తీశాడు. "లెక్క నేను చూసినక్కా. ఫుల్ స్పీడ్‌ల మోటార్ ముప్పై ఆంపియర్లు గుంజుతది. మనం దేవుణ్ణి మెల్లగ తిప్పుతం గదా, పదికి మించదు. మూడు చుట్లు, హారతులు, అన్నీ కలిపి రెండు గంటలు. వంద ఆంపియర్ల లిథియం ఉంటే ఐదో వంతు గూడ ఒడవదు. సీసంది అయితే సగం కాడికే ఆపాలె, లేకుంటే ఖరాబైతది."

"లెక్కలు కాగితం మీద బావుంటాయి బాబూ, నీళ్ళ మీద కాదు," అన్నాడు జనార్దనరావు నవ్వుతూ. "కూర్చో అమ్మాయ్. భయ్యా, మేడమ్‌కో అదరక్‌వాలీ చాయ్, అల్లం దండిగా. చూడమ్మా, నేను చెప్పేది విని అప్పుడు నీకేది తోస్తే అది చెయ్యి. ఆ వానాకాలం యమున పొంగింది గుర్తుందా? అప్పుడు నేను నది పక్కన పల్లపు కాలనీలో అద్దెకుండేవాణ్ణి. తెల్లారి లేచి మంచం మీంచి కాలు కింద పెడితే మోకాలిదాకా నీళ్ళు. మా ఆవిడ పుట్టింటికెళ్ళింది, అదొక అదృష్టం. వీధిలోకి చూద్దును గదా, పడవ ఒకటి ఉంది, దాని ఇంజను చచ్చి కూర్చుంది, జవాన్లిద్దరు దిక్కులు చూస్తున్నారు. బేటా, హటో, పక్కకి తప్పుకోండి, అన్నాను. మా కూలర్ మోటారు పీకి, టేబుల్ ఫ్యాను రెక్క తగిలించి, ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ తెచ్చి కలిపాను. ట్యూబులర్, నూటయాభై ఆంపియర్లు. ఎదురింటి ముసలి దంపతుల్ని మెయిన్ రోడ్డు మీద దింపాను. అంతే. గొప్పేం కాదు, ఎవరైనా చేస్తారు."

కూలర్ మోటారుతో పడవ నడుస్తుందా అన్న అనుమానం మైథిలికి రాకపోలేదు. కానీ అంత వినయంగా చెప్పే మనిషిని ఏమని అడుగుతుంది?

"కారు బ్యాటరీ పెట్టొచ్చు గదండీ అన్నాడొకాయన అక్కడే. నేను నవ్వాను. కారు బ్యాటరీ ఒక్క గెంతు గెంతి చతికిలబడుద్దమ్మా, దాన్ని చేసిందే ఇంజను లేపడానికి. గంటలకొద్దీ నింపాదిగా ఇచ్చేది వేరే."

ఆ ముక్క నిజమే. మైథిలి రాత్రి ఫోన్‌లో చదివిందీ అదే. దాంతో ఆమెకి మిగతా మాటల మీద కూడా గురి కుదిరింది. ఒక్క నిజం తగిలితే చాలు, దాని వెనకాల ఎన్ని కోతలైనా తోసుకుని లోపలికొచ్చేస్తాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్ళని దింపి వెనక్కొస్తే వీధంతా మేడల మీద నిలబడి జనార్దన్‌జీ, జనార్దన్‌జీ అని కేకలు. వదిలేసి ఎలా పోతాం? నలభై ట్రిప్పులు వేశాను."

"ఒక్క చార్జింగ్ మీదనా అంకుల్?" అన్నాడు తిరుమలేష్.

"ఒక్క చార్జింగే. మధ్యలో ఆడవాళ్ళు పిల్లలకి ఆకలేస్తోందంటే అదే బ్యాటరీకి మిక్సీ తగిలించి మూడువందల మందికి కొబ్బరి చట్నీ వేశాం. మీటరు చూస్తే తొంభై ఎనిమిది. రెండు శాతం చట్నీకి పోయింది. పడవకి ఏమీ పోలేదు."

"గదెట్ల?"

"అదే నీ కాగితం మీద ఉండదు బాబూ. ప్రవాహం ఫ్యాను రెక్కని ఎదురు తిప్పుద్ది. తిప్పితే కరెంటు పుడుద్ది. పుట్టింది ఎక్కడికెళ్తుంది, బ్యాటరీలోకే. సీసం బ్యాటరీకి కడుపు పెద్దది, ఎంతొచ్చినా పుచ్చుకుంటుంది. నేను నదిలోకి దిగేసరికి నూట నలభై శాతం. దిగానా, నీటి వడికి పడవ ఆగలేదు. మధుర దాటింది, ఆగ్రా వచ్చింది. సరే వచ్చాం గదా అని తాజ్‌మహల్‌కి ఒక దణ్ణం పెట్టి వెనక్కి తిప్పాను. ఎదురు ప్రవాహంలో, వినమ్మా, ఎదురు ప్రవాహంలో వంతెన కింద రైలుకి సమానంగా వచ్చాను. గార్డు పచ్చజెండా నాకు ఊపాడో రైలుకి ఊపాడో ఇప్పటికీ తెలీదు."

తిరుమలేష్ గ్లాసు కింద పెట్టి నవ్వు ఆపుకుంటున్నాడు. మైథిలి టైము చూసుకుంది. పదకొండున్నర దాటింది. నమ్మబుద్ధి కావడం లేదు, కానీ ఆ గొంతులో తొణుకూ బెణుకూ లేదు. తనకేమో రెండు రోజులుగా ఏ విషయంలోనూ అంత ధైర్యం లేదు. ఆ ధైర్యంలో నాలుగోవంతు తనకుంటే చాలుననిపించింది.

"కాలనీకి తిరిగొచ్చేసరికి అసలు పని మిగిలే ఉంది," అని జనార్దనరావు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "చావ్లా అని ఒకాయన, మా వీధి చివర రెండంతస్తుల ఇల్లు. పునాది కదిలి ఇల్లు మెల్లగా తేలుతోంది. పైన ఏడుగురు మనుషులు, కింద గేదె. మనుషుల్ని దింపుతానంటే చావ్లా ఏడుపు, ఇల్లు పోతుందని. అయితే ఇల్లే తీసుకుపోదాం అన్నాను. బాల్కనీకి తాడు కట్టి, పడవ ముందుకి పెట్టి, మోటారు ఫుల్లు తిప్పాను. వచ్చింది. ఎందుకు రాదు? కిలోమీటరున్నర లాగి మెరక మీద పెట్టాను. దానికిదివరకు దక్షిణ ముఖం, వాస్తు బాలేదని చావ్లా ఎప్పుడూ బాధపడేవాడు. ఎలాగూ తెచ్చాం గదా అని తూర్పు ముఖం తిప్పి పెట్టాను. ఇవాళ్టికీ ఫోన్ చేస్తాడు, జనార్దన్‌జీ, వ్యాపారం బ్రహ్మాండంగా ఉంది అని."

"గేదె ఏమాయె అంకుల్?"

"పాలు రెండు లీటర్లు పెరిగాయి."

తిరుమలేష్‌కి పొలమారింది. జనార్దనరావు అదేమీ పట్టించుకోకుండా మైథిలి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే అమ్మాయ్, అది బరువు వల్ల అయింది. అరవై కిలోలు కాళ్ళ దగ్గర కూర్చుంటే పడవ ఒదిగుంటుంది, గాలికి కదలదు, మనిషికి ధైర్యం. మీ లిథియం పన్నెండు కిలోలు. దాన్ని బ్యాటరీ అనరు, టిఫిన్ డబ్బా అంటారు. పెద్దాయన్ని, స్వామిని టిఫిన్ డబ్బాని నమ్ముకుని నీళ్ళ మీదకి పంపుతావా?"

ఆ మాట సూటిగా వెళ్ళి తగలాల్సిన చోట తగిలింది. మడిబట్ట కట్టుకుని, విగ్రహాలు పట్టుకుని, చెరువు మధ్యలో పడవ అటూ ఇటూ ఊగుతుంటే బిక్కచచ్చి చూస్తున్న మావగారు మైథిలి కళ్ళముందు నిలబడ్డారు. ఫోన్ తీసి 'ట్యూబులర్, నూటయాభై, ఒకటి' అని కొట్టింది. పంపడమే తరువాయి.

తాయారమ్మగారు వత్తి చేస్తున్న చెయ్యి ఆపింది. "నాయనా, ఆ పడవ నీలం రంగుదా?"

"నీలమేనండి," అన్నాడు జనార్దనరావు, పెద్దావిడ కూడా వింటున్నందుకు సంబరపడుతూ.

"వీధి మొదట్లో పిండిమర ఉండేది."

"ఉండేదండి. మీకెలా తెలుసు?"

"నేనప్పుడు మా అబ్బాయి దగ్గరుండేదాన్ని, ఆ వీధిలోనే. ఆ పడవలో నీ వెనక కూర్చున్నాను. మొహం చూళ్ళేదు, వీపే చూశాను. ఇందాకటినుంచీ ఈ గొంతు ఎక్కడో విన్నాననుకుంటున్నా. ఆ రోజు కూడా దిగేదాకా ఇట్లాగే చెప్తానే ఉన్నావు. అప్పుడేదో పులిని పట్టిన సంగతి."

జనార్దనరావు గ్లాసు ఎత్తాడు గానీ తాగలేదు.

"మోటారూ లేదు, ఫ్యానూ లేదమ్మా," అంది తాయారమ్మగారు మైథిలితో, గొంతు పెంచకుండా. "జవాన్లిద్దరూ మెడలోతు నీళ్ళల్లో దిగి తాడు పట్టి లాగారు. బ్యాటరీ మాత్రం ఉంది. దుప్పట్లో చుట్టి, పక్కనే అంచు మీద పెట్టుకుని, రెండు చేతులా వాటేసుకుని కూర్చున్నాడు. పడవ అటుపక్కకి ఒరిగిపోయింది, నీళ్ళు లోపలికొచ్చాయి. అవతల పారెయ్యి బాబూ అని జవాన్లు మొత్తుకున్నారు. వినలా. పడవ సమంగా నిలవాలని నన్నూ, ఇంకో ఆవిడనీ ఇవతల అంచుకి జరిపి కూర్చోబెట్టారు. నా చీర కుచ్చెళ్ళు నీళ్ళల్లో ఈదుతున్నాయి. మా అబ్బాయి మొహం ఇంక చూడనేమో అనుకున్నాను."

"కొత్త బ్యాటరీ అండి అది," అన్నాడు జనార్దనరావు. ఇందాకటి గొంతు కాదు. "కొని వారం కూడా కాలేదు."

"కొత్తదేలే నాయనా, ఎవరి వస్తువు మీద వాళ్ళకి ఆశ ఉంటుంది. దానికి నేనేమీ అనుకోలా. కానీ గట్టు వచ్చాక ఆ జవాను చెయ్యి చాచాడు చూడు, పెద్దవాళ్ళని ముందు దించుదామని. నువ్వు ఆ చేతికి బ్యాటరీ అందించావు. తర్వాత నువ్వు దిగావు. మేము ఆ తర్వాత."

తిరుమలేష్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. మైథిలి ఫోన్‌లో కొట్టినదంతా చెరిపేసింది. 'లిథియం, వంద, ఒకటి. సాయంత్రంలోపు తప్పకుండా' అని కొట్టి పంపేసింది. పన్నెండుకి ఇంకా పది నిమిషాలుంది. దుకాణంవాడు వెంటనే 'ఠీక్ హై మేడమ్' అని పెట్టాడు.

తాయారమ్మగారు మళ్ళీ వత్తుల్లో పడింది. జనార్దనరావు తల వంచుకుని చల్లారిపోయిన చాయ్ పక్కన పారబోశాడు. చివరికి ఎవరూ అడక్కుండానే తలెత్తాడు.

"లిథియమే మంచిదమ్మా," అన్నాడు. "పెద్దాయన్ని మాత్రం సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టండి. అంచున కూర్చున్నవాళ్ళకి చాలా భయమేస్తుంది."