గాలం కర్ర మీద చెయ్యి

గాలాల పోటీలో మూడు గంటలు పెనుగులాడి తమ్ముడు లాగిన మనిషంత కొమ్ముకోనం చేప పడవ పక్కన తేలుతోంది. చుక్కాని దగ్గర అక్క అటు తిరిగి నిలబడింది.

“నా గాలం కర్ర ఎందుకు పట్టుకున్నావక్కా?”

“తూలి పడబోయావని.”

“నడుముకి బెల్టు కట్టుకుని కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఎలా పడతాను? ఇంకొకరి చెయ్యి తగిలితే చేప పోటీలో లెక్కకు రాదని తెలీదూ?”

“కంగారులో గుర్తులేదు.”

“పన్నెండేళ్లుగా పడవెక్కిన ప్రతివాడికీ ఆ మాట చెప్పేది నువ్వే!”

“సరే, గుర్తుంది. కావాలనే పట్టుకున్నాను. ఏం చేస్తావ్?”

“ఎందుకు?”

“గెలిస్తే పోటీకొచ్చిన ఆ పెద్ద పడవ వాళ్లు నిన్ను పనిలో పెట్టుకుని దేశాలు పట్టుకు తిప్పుతారటగా. నాకు చెప్పకుండా దాస్తే తెలీదనుకున్నావట్రా, దొంగవెధవా?”

“గెలిచినా ఓడినా రమ్మన్నారు. నిన్ననే సరేనన్నాను. పోయేముందు నీ పడవకి పేరు రావాలని ఈ చేప కోసం చేతులు చీల్చుకున్నాను.”

“నిన్ననేనా?”

“పడవని ఒడ్డుకు పోనీ. నీ మొహం చూడాలంటేనే అసహ్యంగా ఉంది.”

“అసహ్యంగానే చూడు. ఇక్కడే ఉండి చూడు.”